మా బండికి మురుగు బోదె

పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటినా, సెలవుల్లో మా ఆయన మొహం కంటే కాళ్లే ఎక్కువ చూశాను. అతిశయోక్తి కాదండీ. వేల్స్ కానివ్వండి, స్కాట్లాండ్ కానివ్వండి, మూడోరోజు పొద్దున్న ఒకటే దృశ్యం. బండి కిందనుంచి రెండు కాళ్లు బయటికి ఉంటాయి. ఒక కాలికి చెప్పు ఉంటుంది, రెండోది ఎక్కడో జారిపోయి ఉంటుంది. పైన సన్నగా వాన. లోపల్నుంచి "టార్చి ఇటు పట్టు", "ఆ బేసిన్ ఇంకొంచెం తొయ్యి" అని కేకలు.

ఈ శీర్షిక మొదటినుంచీ చదివేవాళ్లకి మా బండి సంగతి తెలుసు. కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. మేం ఇంగ్లండులో ఉంటాం. మాది మోటర్‌హోమ్. కారు వెనక తగిలించుకు లాక్కెళ్లేది కాదు, ఇంజనూ ఇల్లూ ఒకటే. ఫియట్ డుకాటో వ్యాను మీద కట్టిన ఒక్క గది. రెండు పొయ్యిలు, బొమ్మరింటి సైజు సింకు, పక్కలు, మూలన తిరగడానికి వీల్లేని బాత్రూం. షూటింగుల దగ్గర హీరోగారి కారవాన్ చూసుంటారుగా, అందులో ఏసీ, సోఫా, అద్దం తీసేసి, మిగిలినదాంట్లో సగం ఊహించుకోండి.

మంచినీళ్ల ట్యాంకు వంద లీటర్లు. సింకులోనూ స్నానానికీ వాడిన నీళ్లన్నీ బండి పొట్టకింద వేలాడే ఇంకో ట్యాంకులోకి పోతాయి. అది తొంభై లీటర్లు. (టాయిలెట్‌ది దీనికి సంబంధం లేదు. దానికి సూట్‌కేసులా చక్రాలున్న పెట్టె ఉంటుంది, లాక్కెళ్లి ఒంపి రావడమే. భోజనాల వేళ చదివేవాళ్లు కంగారు పడకండి, ఇవాళ దాని ఊసు ఇంతే.)

ఈ మురుగునీళ్లు ఎక్కడ పడితే అక్కడ వదలకూడదు. రోడ్డు పక్కన జాలీ కనపడింది కదా అని వదిలేస్తే, చాలాచోట్ల అది వాననీళ్ల జాలీ, తిన్నగా వాగులోకి పోతుంది. సబ్బు, నూనె అన్నీ చేపల నెత్తిన పోసినట్టు. అందుకని క్యాంప్ సైట్లలో నేలలో దీనికోసమే జాలీ వేసిన గుంట ఒకటి కడతారు. బండి దానిమీదికి తెచ్చి, కుళాయి తిప్పితే నీళ్లు పోవాలి. ఇంతే కదా అనిపిస్తుంది. కాని ఆ కుళాయి ఎక్కడుందో తెలుసా? బండికి సరిగ్గా నడిమధ్యన, వెనక చక్రాల వెనకాల. కట్టినవాళ్లకి అక్కడ చోటు దొరికింది, పెట్టేశారు. దాన్ని రోజూ తిప్పేది ఎవరో, వాళ్ల నడుం ఎలాంటిదో ఎవరాలోచించారు?

జాలీమీదికి గురి చూసి బండి తేవడం విలువిద్య లాంటిది. నేను వెనకనుంచి చేతులూపడం, ఆయన అద్దంలో చూడకపోవడం, నేను అరవడం, పక్కబండి వాళ్లు టీ కప్పులతో వచ్చి నిలబడటం. గురి కుదరకపోతే బేసినే గతి. బకెట్టు ఆ ఎత్తులో పట్టదు. ఎనిమిది లీటర్ల చదును బేసిన్ పెట్టి, నింపి, లాగి, మోసుకెళ్లి పారబోసి మళ్లీ పెట్టాలి. తొంభై లీటర్లకి పన్నెండు తిరుగుళ్లు.

దానికితోడు మన వంట. పక్కబండిలో తెల్లవాళ్లు రొట్టె కాల్చుకుంటారు, బీన్స్ డబ్బా తెరుచుకుంటారు, రెండు పళ్లేలు కడుగుతారు. మనకి బియ్యం కడుగు, పప్పు గిన్నె, పోపు మూకుడు, చింతపండు పిప్పి, పెరుగు గిన్నె. చలికి ఆ నూనె ట్యాంకు గోడలకి నెయ్యిలా పేరుకుంటుంది. మెతుకులు అడుగున చేరతాయి. ఆగస్టులో రెండురోజులు ఖాళీ చెయ్యకపోతే సింకులోంచి వచ్చే వాసన నేను వర్ణించను. మా అత్తయ్యగారు ఒకసారి మాతో వచ్చి, "ఏంట్రా ఇది, ఇల్లు మోసుకు తిరుగుతూ మురుక్కాలవ కూడా మోసుకు తిరుగుతున్నారా" అన్నారు. అక్షరాలా నిజం.

కిందటి నవంబరులో మా ఆయనకి నడుంలో డిస్కు ఆపరేషనైంది. నడుస్తున్నారు, కారు నడుపుతున్నారు, చేతికర్ర ఉంది. కాని నేలమీద పడుకుని ఒళ్లు మెలితిప్పే పనులు ఇక వద్దని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పింది. జనవరిలో ఒక రాత్రి ఆయన ఫోన్లో బండి ఫోటోలు ఏరుతుంటే చూశాను. ఎందుకండీ అంటే, "అమ్మకానికి పెడదామని. ఎండాకాలం ముందైతే ధర పలుకుతుంది" అన్నారు. మొహం ఎత్తకుండా.

నాకు గుండె జారింది. బండి మీద మమకారం కాదు. ఇద్దరి ఉద్యోగాలు, పిల్లాడి చదువు, అప్పులు... ఇవన్నీ తెమిలాక మేమిద్దరం మాట్లాడుకోవడం మొదలుపెట్టింది ఆ బండిలోనే. ఇంట్లో ఆయన ఒక గది, నేనొక గది, మధ్యలో టీవీ. బండిలో గది ఒకటే. వాన పడుతుంటే ఆయన తన చిన్నప్పటి సంగతులు చెప్తారు. అమ్మేస్తే అవి వినేదెక్కడ?

"నేను ఖాళీ చేస్తాలెండి" అన్నాను. మార్చిలో దగ్గర్లోనే ఒక సైట్‌కి వెళ్లాం. పాత పంజాబీ డ్రెస్సు వేసుకుని దిగాను. పాకుతూ వెళ్లి, బిగుసుకున్న కుళాయిని రెండు చేతులతో తిప్పితే అది ఒక్కసారిగా తెరుచుకుంది. ముందురోజు సాంబారు నా మోచేతిమీదుగా మెడలోకి వచ్చింది. అది పెద్ద విషయం కాదు. నేను బయటికి వచ్చేసరికి ఆయన కర్ర పట్టుకుని, చలిలో, అక్కడే నిలబడి ఉన్నారు. ఏమీ అనలేదు. ఆ సాయంత్రం అన్నం కూడా సరిగ్గా తినలేదు. నా అవస్థ కంటే ఆ నిలబడటం ఆయన్ని ఎక్కువ బాధపెట్టిందని నాకర్థమైంది.

మా నాన్నది గోదావరి జిల్లాలో వరి వ్యవసాయం. నీళ్లు పెట్టడం ఎవడైనా పెడతాడు, మురుగు తీసేవాడే రైతు అనేవారు. చేనుకి మురుగు పోకపోతే మడి మధ్యలో నిలబడి చేత్తో తోడుతారా ఎవరైనా? గట్టుదాకా బోదె తవ్వుతారు. ఆ రాత్రి నిద్రపట్టక ఇదే తిరిగింది బుర్రలో. మనం కుళాయి దగ్గరికి పాకడమెందుకు, నీళ్లనే బండి అంచుదాకా తెస్తే పోలేదా?

ఒక వర్క్‌షాపులో అడిగాం. మీట నొక్కితే తెరుచుకునే కరెంటు వాల్వు పెడతామని నాలుగు వందల పౌండ్ల పైన చెప్పారు. ఆ మాటకి మా ఆయనలో నిద్రపోతున్న ఇంజనీరు లేచి కూర్చున్నాడు. మా పక్కింటి పెద్దాయన నలభై ఏళ్లు ప్లంబరుగా చేసి రిటైరయ్యాడు, ఆయన్నీ పిలిచాం. తీరా చూస్తే జట్టు ఇదీ: మోకాళ్లు వంగని ఒక ముసలాయన, నడుం వంగని మా ఆయన, నేను. బండి కిందికి ఎవరు వెళ్లాలో వేరే చెప్పక్కర్లేదుగా.

వెనక చక్రాలు ర్యాంపుల మీదికి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందు చక్రాలకి దిమ్మలు అడ్డం పెట్టాం. ఉత్త జాకీమీద నిలబెట్టిన బండి కిందికి మాత్రం ఎప్పుడూ దూరకండి. జాకీ జారితే చెప్పుకోవడానికి ఎవరూ మిగలరు.

మొదటి ప్రయత్నం మా ఆయన డిజైను. ట్యాంకు మూతికి నలభై మిల్లీమీటర్ల ప్లాస్టిక్ పైపు, పీవీసీ పైపులకి రాసే గమ్ముతో అంటించాం. గట్టిగానే పట్టినట్టు కనపడింది. మా వీధి చివర స్పీడ్‌బ్రేకర్ దగ్గర పైపు ఊడి రోడ్డుమీద దొర్లింది. పెద్దాయన నవ్వలేదు గాని మీసంలో ఏదో కదిలింది. సంగతేమిటంటే, ఆ ట్యాంకు పాలిథిలీన్‌ది. మన మేడలమీద నల్ల ట్యాంకులుంటాయే, అదే రకం. దానికి ఆ గమ్ము పట్టదు. మన ప్లంబర్లు ఆ ట్యాంకులకి పైపు అంటిస్తారా? నిప్పల్, వాచర్ వేసి బిగిస్తారు. ఇంత చిన్న విషయం ఇద్దరు డిగ్రీలవాళ్లకి తట్టలేదు.

రెండోసారి పాత వాల్వు తీసేసి, లాగితే తెరుచుకునే పలక వాల్వు వేశాం. అచ్చం మన పంటకాలవ తూము తలుపే, కాకపోతే అరచేయంత. దానికి పైపు కలిపేచోట గమ్ము లేదు, రబ్బరు కప్లింగు, రెండు పక్కలా హోస్ క్లిప్పులు. అక్కడ్నుంచి డ్రైవరు వైపు అంచుదాకా పైపు. ఎల్బో వాడొద్దన్నాడు పెద్దాయన, లాంగ్ బెండ్ వెయ్యమన్నాడు. తొంభై డిగ్రీల మలుపులోనే మెతుకులు ఆగిపోతాయిట. వాలు మీటరుకి రెండు సెంటీమీటర్లకి తగ్గకూడదన్నాడు. నాకు నవ్వొచ్చింది. నీరు పల్లమెరుగు అని మా ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు, ఈయన దాన్ని స్పిరిట్ లెవెల్ పెట్టి చూపిస్తున్నాడు.

వాల్వు ఎక్కడుండాలన్న దానిమీద మాత్రం అరగంట వాదన. పైపు చివరే పెడితే చేతికందుతుంది కదా అని నేను. అలా పెడితే పైపు నిండా ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి, కుదుపులకి ఆ బరువు జాయింటుమీద పడుతుంది, చలికాలం గడ్డకట్టి పైపు చీలుతుంది అని పెద్దాయన. ఆయనే నెగ్గాడు. వాల్వు ట్యాంకు దగ్గరే ఉంచి, దాని పిడికి ఒక ఇనపచువ్వ తగిలించి బండి అంచుదాకా తెచ్చాం. చువ్వ కొసన టీ ఆకారంలో పిడి. పైపు కొసకి మరతో బిగించే మూత, అవసరమైతే తగిలించడానికి మీటరు గొట్టం. పైపుని ఛాసిస్‌కి రంధ్రాలు చెయ్యకుండా, ఉన్న బోల్టులకే క్లిప్పులు వేసి కట్టాం. పొగగొట్టానికి దూరంగా, నేలకి మరీ దగ్గరగా వేలాడకుండా చూసుకున్నాం. సామాన్లకి నలభై పౌండ్లు కాలేదు. ఇన్సూరెన్సువాళ్లకి కూడా ఒక మాట చెప్పాం, బండికి ఏ మార్పు చేసినా చెప్పి ఉంచడం మంచిదని.

కారుతోందో లేదో చూడటానికి సింకులో నాలుగు చెంచాల పసుపు కలిపి ఇరవై లీటర్లు పోశాను. తెల్ల కాగితాలు కింద పరిచాను. ఎక్కడ చుక్క పడినా పచ్చగా తెలుస్తుందిగా. ఒక క్లిప్పు దగ్గర రెండు చుక్కలు పడ్డాయి, ఇంకో చుట్టు బిగించాం. "ఇది మీ మతాచారమా?" అని అడిగాడు పెద్దాయన చాలా మర్యాదగా. కాదు, ప్లంబింగే అన్నాను.

వాడుకలో తెలిసినవి రెండు. బండి ఒక పక్కకి ఒరిగి ఉంటే ఎంత మంచి పైపైనా నీళ్లు అడుగున మిగిలిపోతాయి. అందుకని ఖాళీ చేసేముందు ఎడమవైపు చక్రం చిన్న ర్యాంపు ఎక్కిస్తాం, నీళ్లన్నీ పైపువైపు వస్తాయి. ధార గుటక్‌గుటక్ అని ఆగుతుంటే సింకు బిరడా తియ్యాలి, గాలి లోపలికి వెళ్తే నీళ్లు బయటికి వస్తాయి. బియ్యం కడుగూ పోపు జిడ్డూ మాత్రం ఇప్పుడు అసలు సింకులో వెయ్యడం లేదు. కడుగు నీళ్లు చిన్న బకెట్లో పడతాను, మూకుడు కాగితంతో తుడిచి చెత్తలో వేస్తాను. తొంభై లీటర్లంటే తొంభై కిలోలు, మా బండి మొత్తం బరువు మూడున్నర టన్నులు దాటకూడదు. కాబట్టి నిండు ట్యాంకుతో ప్రయాణం కూడా మానేశాం.

మే నెలలో లేక్ డిస్ట్రిక్ట్ వెళ్లాం, కెసిక్ పక్కన, డెర్వెంట్‌వాటర్ సరస్సు దగ్గరికి. మూడోరోజు పొద్దున్న నేను తువ్వాలు తీసుకుని సైట్‌వాళ్ల స్నానాలగదికి వెళ్లాను. వచ్చాక ట్యాంకు పని చూద్దామని. తిరిగొచ్చేసరికి బండి మా చోట లేదు. ప్రాణం పోయినంత పనైంది. చూస్తే అల్లంత దూరంలో జాలీ దగ్గరుంది. చేతులూపేవాళ్లు ఎవరూ లేకుండా, కిటికీలోంచి తల బయటపెట్టి పైపు మూతి చూసుకుంటూ ఒక్కరే తెచ్చుకున్నారన్నమాట. దిగి, నిటారుగా నిలబడి, చేతికర్ర వంపు ఆ టీ పిడికి తగిలించి లాగుతున్నారు. నీళ్లు ధారగా పోతున్నాయి. పక్కబండి ఆయనెవరో టీ కప్పుతో వచ్చి, వంగి కిందకి చూసి, ఈ పైపు ఎక్కడ వేయించారని అడుగుతున్నాడు. మా ఆయన లాంగ్ బెండ్ గురించీ మీటరుకి రెండు సెంటీమీటర్ల వాలు గురించీ చెప్తున్నారు, అదేదో మొదట్నుంచీ ఆయన ఆలోచనే అయినట్టు.

నన్ను చూసి, "ఐపోయింది. ఒక్క చుక్క లేదు" అన్నారు.

వెళ్లి చూశాను. నిజమే, చుక్క లేదు. అక్కడ్నుంచి బండి మా చోటికి తెచ్చుకున్నాక గాని గుర్తురాలేదు, పైపు మూత జాలీ దగ్గరే మర్చిపోయాం. నేనే వెనక్కెళ్లి తెచ్చాను.