కౌలు పెంపునకు హద్దు వుండాలి

దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టేసిన తర్వాత గోదావరి డెల్టా గ్రామాలలో ఏటా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఈ ఏడు మక్తా ఎన్ని బస్తాలు? పొలం అదే, కాలువ అదే, దున్నే మనిషీ అతడే. మక్తా మాత్రం నిరుటి లెక్క దగ్గర నిలవదు. ఎకరానికి రెండు బస్తాలు పెంచితే చేసుకో, లేకపోతే వదిలేయి అన్న మాటకు కౌలుదారు తల వంచవలసి వస్తున్నది. వదిలేస్తే ఆ కుటుంబానికి వేరే ఆధారం లేదు.

రెండు బస్తాలే కదా అనిపించవచ్చు. బస్తా అంటే 75 కిలోలు. ఎకరానికి రెండు బస్తాలంటే క్వింటాలున్నర. 2024-25లో సాధారణ రకం ధాన్యానికి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,300 రూపాయలు. ఆ లెక్కన ఎకరానికి 3,450 రూపాయలు. అయిదెకరాలు చేసే కౌలుదారుకు 17,250 రూపాయలు. మద్దతు ధర పెరిగినప్పుడు బస్తాల రూపంలో వున్న మక్తా విలువ కూడా దానంతటదే పెరుగుతున్నది. దానిపైన బస్తాల సంఖ్యను కూడా పెంచడమంటే ఒకే ఏడాదిలో రెండుసార్లు పెంచినట్లే.

అంతకంటే పెద్ద అన్యాయం నష్టకాలంలో జరుగుతున్నది. ఒక ఎకరంలో సార్వాకు 28, దాళ్వాకు 38, మొత్తం 66 బస్తాలు పండుతాయనుకుందాం. రెండు పంటలకూ కలిపి మక్తా 28 బస్తాలనుకుందాం. మంచి ఏడాదిలో కౌలుదారుకు 38 బస్తాలు మిగులుతాయి. దుక్కి, నాట్లు, ఎరువులు, పురుగుమందులు, కోత కూలి అన్నీ అందులోంచే పోవాలి. తుపాను వచ్చి సార్వా పూర్తిగా పోయిందంటే పండింది దాళ్వా 38 బస్తాలే. మక్తా మాత్రం 28 బస్తాలూ కొలవాలి. మిగిలిన పది బస్తాలు రెండు పంటల పెట్టుబడికి ఏ మూలకు? 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపానుకు పనల మీద, కళ్లాల మీద వున్న ధాన్యం తడిసినప్పుడు ఇలాంటి లెక్కలు ఎందరో వేసుకున్నారు.

మక్తాకు హద్దు వుండాలన్న ఆలోచన కొత్తది కాదు. ఆంధ్ర ప్రాంతానికి 1956లోనే కౌలు చట్టం వచ్చింది. 1974లో దానిని సవరించి, నీటి వసతి గల భూములకు కౌలు పండిన పంటలో 30 శాతానికి మించరాదనీ, కౌలు గడువు ఆరేళ్లకు తగ్గరాదనీ, ఒప్పందం రాతమూలకంగా వుండాలనీ నిర్ణయించారు. మన లెక్కలోని 66 బస్తాలలో 30 శాతమంటే ఇరవై బస్తాలకు లోపే. చట్టం కాగితం మీద ఒక దారిన నడిచింది, ఊళ్లో మక్తా మరొక దారిన నడిచింది. ఆరేళ్ల గడువు మాట వినగానే భూమి చేయి దాటిపోతుందన్న భయంతో యజమానులు రాతకే స్వస్తి చెప్పారు. కౌలుదారును కాపాడవలసిన నిబంధనే అతడి పేరు రికార్డుల్లో లేకుండా పోవడానికి కారణమైంది.

2011లో రుణ అర్హత కార్డుల చట్టం, 2019లో ఆంధ్రప్రదేశ్‌లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. 2019 చట్టం 11 నెలల ఒప్పందాన్ని గుర్తించింది. భూమి మీద హక్కు యజమానిదే, పంట మీద హక్కు సాగుదారుదని స్పష్టం చేసింది. బ్యాంకు రుణానికి, పంటల బీమాకు, నష్టపరిహారానికి కార్డు ఆధారమన్నది. ఇది మంచిదే. కాని కార్డుకు యజమాని సంతకం కావాలన్నది. మక్తా ఎంతకు మించరాదన్న సంగతి జోలికి పోలేదు. సంతకం పెట్టే చేయి, మక్తా పెంచే చేయి ఒకటే అయినప్పుడు కౌలుదారు గట్టిగా అడగగలడా?

యజమానుల ఇబ్బందిని కూడా కాదనలేము. పొలం కౌలుకిచ్చేవారంతా పెద్ద ఆసాములు కారు. ఎకరం, రెండెకరాల మీద వచ్చే బస్తాలతోనే వెళ్లదీసుకునే వృద్ధులు, వితంతువులు వున్నారు. ధరలు పెరిగినకొద్దీ వారి ఖర్చూ పెరుగుతున్నది. భూమి పోతుందన్న భయం తరాలనాటిది. ఆ భయాన్ని తీర్చవలసింది అధికారులు. కార్డు వల్ల యాజమాన్య హక్కు ఎక్కడికీ పోదన్న సంగతిని గ్రామసభలో చదివి వినిపించాలి.

పెంపు భారంలో కౌలుదారుల వంతు కూడా కొంత వున్నది. ఒకరు చేస్తున్న చేను మీద మరొకరు పోయి, నేను రెండు బస్తాలు ఎక్కువిస్తానని చెప్పడం ఊరూరా వున్నదే. ఆ పోటీలో గెలిచినవాడు మరుసటి ఏడాది అదే పోటీలో ఓడిపోతున్నాడు. 2011 సార్వాలో కోనసీమ రైతులు గిట్టుబాటు కాదని పంట విరామం ప్రకటించి వేలాది ఎకరాలు బీడు పెట్టారు. పొలం బీడు పెట్టడానికి ఏకమైనవారు, పోటీ పాటలు మానడానికి ఏకం కాలేరా?

ఏరువాకకు ముందే ప్రతి గ్రామంలో కొన్ని పనులు జరగాలి. నోటిమాట కౌలు మానాలి. సర్వే నంబరు, విస్తీర్ణం, బస్తాల సంఖ్య, కొలవవలసిన నెల ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. మక్తా కొలిచిన ప్రతిసారీ రసీదు అడగాలి. కార్డు ఒప్పందం 11 నెలలదే అయినా, మూడేళ్లపాటు మక్తా పెంచబోమన్న మాటను పెద్దల ఎదుట రాసుకోవచ్చు. ఈ-పంట నమోదులో సాగుచేసే మనిషి పేరే ఎక్కేలా చూసుకోవాలి. ధాన్యం అమ్మకానికి, పరిహారానికి అదే ముఖ్యం.

ప్రభుత్వం చేయవలసింది మరొకటి వున్నది. పంట 33 శాతం, ఆపైన దెబ్బతిన్న పొలాలను అధికారులు లెక్కగట్టి పెట్టుబడి సాయానికి జాబితా రాస్తారు. ఆ జాబితాకు ఎక్కిన పొలానికి మక్తా కూడా అదే నిష్పత్తిలో తగ్గాలని చట్టంలో చేర్చాలి. మక్తాకు పంటలో ఇంత భాగమన్న పరిమితి మళ్లీ పెట్టాలి, అది అమలు జరిగేలా ఊళ్లోనే విచారించే ఏర్పాటు వుండాలి. పంట పండిన ఏడు యజమాని తన భాగం తీసుకోవడం న్యాయం. పంట పోయిన ఏడు నష్టంలో కూడా ఆయనకు భాగం వుండడం అంతే న్యాయం.