హెచ్చరించాం అంటే సరిపోతుందా?

బంగాళాఖాతంలో అల్పపీడనం పుట్టిన పూటే ఆ కబురు భీమవరం చుట్టుపక్కల ప్రతి ఊరికీ చేరిపోతుంది. అది ఎప్పుడు వాయుగుండం అవుతుందో, ఎటు కదులుతుందో, ఏ రోజు ఏ జిల్లాకి ఏ రంగు హెచ్చరికో వాతావరణ శాఖ రోజుల ముందు నుంచే చెబుతోంది. 1996 నవంబరు 6న తుఫాను కోనసీమను తుడిచిపెట్టి వెయ్యిమందికి పైగా పొట్టన పెట్టుకున్న నాటికీ నేటికీ ఈ విషయంలో ఎంతో తేడా వచ్చింది. చెప్పాల్సిన వాళ్లు చెబుతున్నారు. నా కడుపుమంటంతా విన్నాక చెయ్యాల్సిన పని చెయ్యని వాళ్ల మీద.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అది వస్తోందని రోజుల ముందే తెలుసు. అయినా పశ్చిమ గోదావరిలో కోసిన సార్వా పంట చేలల్లోనే నానింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. అదీ తెలిసి వచ్చిన తుఫానే. గింజ గట్టిపడాల్సిన వరి నేలకి ఒరిగింది. రెండు తుఫాన్ల మధ్య దాదాపు రెండేళ్ల వ్యవధి ఉంది. ఆ రెండేళ్లలో మన మురుగు డ్రెయిన్లకి ఒరిగిందేమిటి?

హెచ్చరికతో పాటు సలహా కూడా వస్తుంది. కోతలు వాయిదా వేసుకోండి, కోసింది ఉంటే భద్రమైన చోటికి చేర్చండి, చేలో నిలిచిన నీరు బయటికి తీసెయ్యండి. అన్నీ మంచి మాటలే. బయటికి అంటే ఎక్కడికి? చేలో నీరు బోదెలోకి, బోదెలోంచి చిన్న డ్రెయిన్‌లోకి, అక్కణ్నుంచి యనమదుర్రు లాంటి పెద్ద డ్రెయిన్‌లోకి, చివరికి సముద్రంలోకి పోవాలి. ఇది వాటం లేని నేల. సముద్రం పోటు మీదుంటే డ్రెయిన్ నీరు అసలే కదలదు. అలాంటి చోట డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, అడుగున పూడిక ఉండి, పక్కన చెరువుల వాళ్లు గట్లు లోపలికి జరుపుకుంటూ వస్తే నీరు ఎక్కడికి పోతుంది? వచ్చిన దారినే తిరిగి చేలోకి ఎదురు తంతుంది. గట్టు మీద నిలబడి చూస్తే తెలుస్తుంది: వాన వెలిసి ఎండ కాస్తున్నా చేలో నీటిమట్టం బెత్తెడు పెరుగుతుంది. ఎగువ ఊళ్ల నీరు దిగుతోందన్నమాట.

ఇదేమైనా నిన్న మొన్న తెలిసిన సంగతా? డెల్టా మురుగు సమస్యపై మిత్రా కమిటీ 1960లలోనే పరిశీలన చేసింది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతు మీద మురుగు పారుదల సెస్సు వెయ్యడానికి చట్టమే చేశారు. మా తాతల తరం నాటి నుంచీ ఈ మురుగు పేరుతో చట్టాలున్నాయి, కమిటీలున్నాయి, అంచనాలున్నాయి. 2011 సార్వాకి కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి వేల ఎకరాలు బీడు పెట్టినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఇదీ ఒకటి. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు చెయ్యాల్సిన పూడికతీత, తీరా నీళ్లు వదిలే వేళకి గుర్తొస్తుంది. పైపైన గుర్రపుడెక్క లాగి గట్టున పడేస్తారు. మొదటి జోరువానకి అది మళ్లీ డ్రెయిన్‌లోకే జారుతుంది.

ఇక కోసిన పంట సంగతి. ఆకివీడు వైపు ఒక కౌలురైతు నాతో అన్న మాట ఇది: "మెసేజ్ ముందే వచ్చిందండి. వచ్చి ఏం లాభమండి, మిషను దొరకొద్దా? దొరికినా, తడి చేలో చైన్ మిషనే దిగాలంటారు, దాని రేటు వేరేనండి." అందరికీ ఒకే రోజు హెచ్చరిక వస్తే అందరూ ఒకే రోజు కోత మిషను కోసం పరుగెడతారు. ఆ రోజుకి అద్దె కట్టడి చేసేవాళ్లు కనిపించరు. బరకాలు ఎవరికి వాళ్లే కొనుక్కోవాలి. గోనె సంచులు రేపు వస్తాయంటారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో ధాన్యం వెనక్కి. వాన పడుతుందని చెప్పిన ప్రభుత్వమే, వాన పడే వారంలో ధాన్యం ఆరబెట్టుకు రమ్మంటే రైతు ఏ ఎండలో ఆరబెట్టాలి? రోడ్డు మీద పోసి, మబ్బు పట్టినప్పుడల్లా ఎగదోసి, కప్పి, మళ్లీ పరిచి రాత్రుళ్లు అక్కడే పడుకుంటున్నారు మనుషులు.

నీట మునిగిన పనను ఎత్తి చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. కంకి నుంచి తెల్లటి మొలకలు సన్నగా బయటికి పొడుచుకొస్తాయి. గింజలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. చేతికి జిగురు, ముక్కుకి పులిసిన వాసన. ఆ పన పట్టుకుని నిలబడ్డ మనిషికి, ముందే హెచ్చరించాం కదా అని ఒక అధికారి చెప్పగా విన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. హెచ్చరిక పంపాం గనక తప్పు నీదే అనడానికా ఇంత శాస్త్రం, ఇన్ని ఉపగ్రహాలు?

చెరువుల వాళ్ల గోడూ తక్కువేం కాదు. ముసురు పట్టి ఎండ లేకపోతే రొయ్యల చెరువులో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరేటర్లు ఆగకుండా తిరగాలి. సరిగ్గా ఆ గాలివాన రాత్రే కరెంటు పోతుంది.

పంట నష్టం లెక్క 33 శాతానికి చేరితేనే సాయం. ఆ లెక్క రాసేవాళ్లు వచ్చేసరికి నీరు తీసి ఉంటుంది. సాగు చేసింది కౌలుదారు, కాగితాల మీద పేరు భూమిగలాయనది. సాగుదారు హక్కు పత్రానికి 2019 చట్టం ఉంది, కానీ యజమాని సంతకం పెట్టందే ఆ పత్రం రాదు. పెట్టమని గట్టిగా అడిగితే వచ్చే ఏడు చేను ఉండదు. వీటన్నిటి మధ్య కేంద్రం 2024లో దేశవ్యాప్తంగా 199 జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలను మూసేసింది. మండలం వారీగా ఈ వారం ఎరువు చల్లాలా, ఆపాలా, కోయాలా అని రైతుకి చెప్పేందుకు పెట్టిన విభాగాలవి. వారానికి రెండుసార్లు రైతుకి అందే ఆ కాస్త మాట కూడా దండగ అనిపించిందేమో!

మళ్లీ అల్పపీడనం వస్తుంది. నారింజ హెచ్చరిక జిల్లాకి వచ్చిన రోజే సంచులూ బరకాలూ రైతు సేవా కేంద్రంలో దిగాలి. ఆ వారం తేమ నిబంధన సడలించి, తడి ధాన్యం తీసుకుని మిల్లులోనే ఆరబెట్టించాలి. కోత మిషన్ల అద్దె కలెక్టరు ఖరారు చెయ్యాలి. కౌలుదారు పేరు యజమాని దయ మీద ఆధారపడకుండా పంట నమోదులోకి ఎక్కాలి. ఇక డ్రెయిన్ల మాట. ఏ డ్రెయిన్‌లో ఎక్కడి నుంచి ఎక్కడిదాకా, ఏ తేదీన పూడిక తీశారో, ఎంత బిల్లు అయిందో, ఏ ఇంజనీరు సంతకం పెట్టాడో, కాలువలకి నీళ్లు వదలక ముందే ఆ ఊరి సచివాలయం గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. మేం వెళ్లి కర్ర గుచ్చి లోతు చూసుకుంటాం.