బీరులో కాఫీ చుక్క

పొద్దున లేవగానే కాఫీ... పొద్దుపోయాక బీరు. ఈ రెంటి వేళలూ వేరు, తాగేవాళ్ల మూడ్ కూడా వేరు. అలాంటిది రెంటినీ ఒకే సీసాలో పట్టడమేంటి? వినడానికి ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ అమెరికాలో, ఐరోపాలో ఇంటిదగ్గరే బీరు కాచుకునే సరదా ఉన్నవాళ్లలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రయోగం చేసి చూస్తారు.

అక్కడ అది తప్పేం కాదు. బ్రిటన్‌లో 1963లోనే లైసెన్సు అక్కర్లేదన్నారు. అమెరికాలో 1978లో జిమ్మీ కార్టర్ సంతకం పెట్టిన చట్టం ప్రకారం, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చు. అమ్మకూడదంతే. (మన ఎక్సైజు చట్టం మాత్రం ఒప్పుకోదు. చదివి ఊరుకోవాల్సిందే!)

కాఫీ ఎక్కువగా కలిసేది స్టౌట్ అనే నల్లబీరులో. దాన్లో బాగా నల్లబడేదాకా వేయించిన బార్లీ వేస్తారు. కాఫీ గింజనూ అలాగే వేయిస్తారు కదా! అందుకే ఒక్క గింజ వేయకపోయినా స్టౌట్ కాస్త కాఫీ వాసనే వేస్తుంది. ఇక నిజం కాఫీ తోడైతే చుట్టరికం కలిసినట్టే.

కోపెన్‌హాగెన్‌లో మికెల్ బోర్గ్ బియెర్గ్‌సో అనే లెక్కల మాస్టారు ఇంటి వంటగదిలో బీరు కాచేవాడు. తోడు క్రిస్టియన్ కెల్లర్ అనే పాత్రికేయ మిత్రుడు. ఓట్లు వేసి చేసిన స్టౌట్ బాగానే ఉంది గానీ ఏదో వెలితి. కాఫీ కలిపాక ఆ వెలితి తీరింది. ‘బీర్ గీక్ బ్రేక్‌ఫాస్ట్’ అని పేరు పెట్టిన ఆ బీరు దేశదేశాల బీరు ప్రియుల నోళ్లలో పడింది. ఇద్దరి పేర్లూ కలిపి 2006లో పెట్టిన ‘మికెల్లర్’కు పేరు తెచ్చింది అదే.

అంత తేలిగ్గా అందరికీ కుదరదు. బార్లీ మాల్టును వేడినీళ్లలో నానబెట్టి, ఆ తియ్యటి రసాన్ని గంటసేపు మరిగించి, చల్లార్చి, ఈస్ట్ వేసి పులియబెట్టాలి. ఒక్క విడతకు 5 గ్యాలన్లు, అంటే 19 లీటర్లు. సీసాలకెక్కి తాగడానికి సిద్ధమయ్యేసరికి మూడు నాలుగు వారాలు. కొత్తవాళ్లు కాఫీపొడిని ఆ మరిగే గిన్నెలోనే వేసేస్తారు. డికాక్షన్ మళ్లీ పొయ్యిమీద మరిగిస్తే ఏమవుతుందో తెలుగిళ్లలో ఎవరికి తెలీదు? వాసన ఆవిరైపోతుంది, చేదూ వగరూ మిగులుతాయి. ఆ తప్పు తెలిసేది నెల తర్వాత, సీసా మూత తీసినప్పుడు!

అందుకని అనుభవమున్నవాళ్లు పులవడం పూర్తయ్యేదాకా కాఫీ జోలికి పోరు. ముందే వేస్తే పులిసేటప్పుడు పొంగే గ్యాసు కూడా వాసనను మోసుకుపోతుంది. బరకగా పట్టిన పొడిని మరిగించి చల్లార్చిన నీళ్లలో రాత్రంతా ఫ్రిజ్‌లో నానబెట్టి, వడకట్టి, సీసాలకు పట్టేరోజున కలుపుతారు. ఇంకొందరికి ఈ వడపోత కూడా బద్ధకమే. 60 నుంచి 110 గ్రాముల గింజల్ని పొడి కొట్టకుండా గుడ్డసంచిలో కట్టి ఒకటి రెండు రోజులు బీరులో వేలాడదీస్తారు. ఏ పద్ధతైనా గిన్నె, గరిటె, సంచి శుభ్రంగా ఉండాలి. లేకపోతే పందొమ్మిది లీటర్లూ పులుపెక్కి సింకుపాలు.

ఎంత కలపాలో తేల్చుకోవడానికి ఓ చిట్కా ఉంది. ఒక గ్లాసు బీరు తీసుకుని చెంచాతో కొంచెం కొంచెంగా కాఫీ కలుపుతూ రుచి చూడటం... నచ్చినచోట ఆగి, ఆ లెక్కనే మొత్తానికి హెచ్చవేయడం. ఇంతకన్నా నమ్మకమైన కొలత లేదు.

మరి నిద్ర పడుతుందా? 100 గ్రాముల అరబికా గింజల్లో ఉండే కెఫీన్ 1.2 గ్రాములు. అదంతా దిగినా 330 మిల్లీలీటర్ల సీసాకు వచ్చేది 20 మిల్లీగ్రాములే. కప్పు కాఫీలో దానికి నాలుగైదు రెట్లుంటుంది. 2010లో అమెరికా ఎఫ్‌డీఏ నాలుగు కంపెనీలను హెచ్చరించింది నిజమే గానీ, అది మద్యంలో కెఫీన్‌ను విడిగా కలిపినందుకు. కాఫీతో సహజంగా వచ్చే కెఫీన్ జోలికి అది పోలేదు.

అసలు చిక్కు నిల్వలో ఉంది. కాఫీ బీరు కొన్నిసార్లు ఉన్నట్టుండి క్యాప్సికమ్ వాసన కొడుతుంది. గింజ తక్కువ వేగడం వల్లేనని కొందరు, ఎక్కువసేపు నానడం వల్లని ఇంకొందరు వాదించుకుంటూనే ఉంటారు. ఆ వాసన రాకపోయినా, నెలలు గడిచేకొద్దీ కాఫీ ఘుమఘుమ మాత్రం నీరుగారిపోతుంది. మామూలు స్టౌట్‌ను పండగదాకా దాచుకునేవాళ్లు కూడా కాఫీ సీసాల మీద తేదీ రాసిపెట్టి, స్నేహితుల్ని ముందే పిలుచుకుంటారు.