తోడు పేర తగవు

అమెరికాలోను ఐరోపాలోను ఎడారి బల్లులను గాజుపెట్టెలలో పెంచు వేడుకగలవారిలో పలువురు, ఒంటిప్రాణిని చూచి జాలిపడియో, ఖాళీగానున్న ఇసుకను చూచి ఓర్వలేకయో, వేరొక జాతి బల్లిని తెచ్చి దానికి తోడుగా విడుతురు. రెండును ఎడారివే గదా యని వారి సమాధానము. దీనికి నేను సమ్మతింపజాలను.

ఆస్ట్రేలియా నడిభూములలో పుట్టిన గడ్డపుతొండ 40 డిగ్రీల రాతిపై మేను పరచి పగలెల్ల ఎండ కాగును. పురుగులను, ఆకులను గూడ తినును. అఫ్ఘనిస్థానము, పాకిస్థానము, వాయవ్య భారతము తావులుగా గల చిరుతబల్లి పగలు రాతిసందున దాగి, ప్రొద్దు గ్రుంకిన పిదప పురుగుల వేటకు వెడలును, ఆకు ముట్టదు. సహారా ముళ్లతోక బల్లికి 50 డిగ్రీల దరిదాపు వేడి కావలెను, ఆహారమో దాదాపు శాకమే. ఈ మూటిని ఒకచోట చేర్చిన యజమాని దేని కనుకూలముగా దీపము వెలిగించును?

సొనోరా ఎడారిలో పలుజాతులు కలిసి బ్రతుకుట లేదా యందురేమో. కలదు. అచట ఎడారి ఇగువానా మిట్టమధ్యాహ్నపు వేడిలో క్రియోసోట్ పొదల పసుపుపచ్చని పూలు మేయుచుండగా, గెక్కో రాత్రికై కన్నములో వేచియుండును. కొమ్ముబల్లి చీమల బారుకడ కాచుకొనును. చక్‌వాల్లా ఆపద తోచినంతనే రాతినెఱియలో దూరి, గాలి పీల్చి ఉబ్బి, లాగినను రాకుండ బిగిసికొనును. ఒకటి మరొకదానినుండి తొలగిపోవుటకు అచట నేల గలదు, వేళ గలదు. మెడపట్టెల బల్లి మాత్రము చిన్నబల్లులను గూడ పట్టి మ్రింగును. దాని పెట్టెలో నుంచిన చిన్నదానిని తోడనుటకంటె మేతయనుట న్యాయము.

మేతవేళ చిక్కు మఱింత పెరుగును. ఇలకోళ్లను విడిచినంతనే చురుకైనది మ్రింగివేయును, బెదురుగలది మూల నొదుగును. చిరుతబల్లి క్రొవ్వును తోకలో దాచుకొనును గనుక, ఆ తోక సన్నగిల్లువరకు దాని పస్తు యజమాని కంటబడదు. ముళ్లతోక బల్లి పొరుగుదాని పురుగులకు మరిగినచో అధిక మాంసకృత్తులు మూత్రపిండములకు భారమగును. మిగిలిపోయిన ఇలకోళ్లో, రాత్రి నిద్రించు తొండ చర్మమును కొరుకును. ఎముకల బలిమికై చల్లిన కాల్షియంపొడి దేని నోట నెంత పడినదో తెలియరాదు. ఒకదాని మలముననున్న పరాన్నజీవులు మాత్రము రెండవదాని నోటికి తప్పక చేరు దారి యేర్పడును.

దీపము క్రింద ఒకదానిపై నొకటి యెక్కి పరుండిన తొండల ఛాయాచిత్రములు తీసి, అన్యోన్యతయని మురియువారు కలరు. పైనున్నది వేడిని ఆక్రమించినది, క్రిందిది వదలుకొన్నది, అంతియే. రెండవ బల్లిపై మనసైనవారు ముందుగా రెండవ పెట్టెను, రెండవ దీపమును కొనవలెను. అంత వ్యయము భరింపలేమన్నచో, బల్లినే మానుకొందురు గాక.