విరిగిన తలుపు - నివాస హక్కు

"కేసు సంగతి రేపు చూద్దాం మేడమ్. ఇయ్యాల రాత్రికి తలుపెట్ల?"

రెండేళ్ళ క్రితం హైదరాబాదు శివారు బస్తీలో ఒకామె నన్నడిగిన ప్రశ్న ఇది. గృహహింస గురించి చదవడం, రాయడం, శిక్షణ తరగతుల్లో చెప్పడం చాలా ఏళ్ళుగా చేస్తున్నదాన్ని. చట్టంలో ఏ సెక్షన్ కింద ఏ ఉపశమనం వస్తుందో అడిగితే తడుముకోకుండా చెప్పగలను. కానీ ఈ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

ఆమె నాలుగిళ్ళలో పనిచేస్తుంది. భర్త ఆరు నెలలుగా వేరే చోట ఉంటున్నాడు. ముందురోజు రాత్రి తాగి వచ్చి తలుపు తీయమన్నాడు. ఆమె తీయలేదు. తన్నాడు. పై బందు ఊడిపోయింది, గడియ దగ్గర చెక్క నిలువునా చీలింది, తలుపు రెక్క లోపలికి ఒరిగిపోయింది. పక్కనున్న కిటికీ అద్దాలు రాయితో పగలగొట్టాడు. ఇరుగుపొరుగు లేచి వచ్చేసరికి "రేపు మళ్ళీ వస్తా" అని వెళ్ళిపోయాడు. మిగిలిన రాత్రంతా ఆమె ఆ రెక్కకు వీపు ఆనించి కూర్చుంది. పదమూడేళ్ళ కూతురు మంచం కింద పడుకుంది.

తెల్లవారి ఆమె పనులు మానుకుని పోలీస్ స్టేషన్‌కు వెళ్ళింది. అక్కడ మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, "మేమొచ్చి చూసేదాకా ఏదీ ముట్టుకోకండి" అని పంపించారు. సాయంత్రమైనా ఎవరూ రాలేదు. మా కార్యకర్తలు, నేను వెళ్ళేసరికి చీకటి పడుతోంది. సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఉండవచ్చని, భోజనం, వైద్యం, న్యాయ సలహా అన్నీ అక్కడే దొరుకుతాయని మేం చెప్పాం. ఆమె శాంతంగా విని ఇలా అంది: "నేనెందుకు పోవాలె? కిరాయి కట్టేది నేనే. పిల్లకు పరీక్షలున్నయి. నేను పోతే గ్యాసు బండకు, బియ్యానికి కాపలా ఎవరుంటరు?"

ఆ రాత్రి మేం చేసిన పని చెప్పుకోవడానికి చిన్నదే. పక్కింటివాళ్ళు ఇచ్చిన పాత ప్లైవుడ్ ముక్కను కిటికీకి అడ్డంగా మేకులతో కొట్టాం. తలుపుకు ఒక వడ్రంగి కోసం వెతికాం. మొదటి ఆయన, "మొగుడూ పెళ్ళాల గొడవమ్మా, రేపు ఆయనొచ్చి ఎవరు బిగించారని అడిగితే?" అన్నాడు. రెండో ఆయన, "మీ ఆయనతో ఒక మాట ఫోన్ చేయించండి" అన్నాడు. చివరికి బస్తీ మహిళా సంఘంలో ఒకామె తమ్ముడు వచ్చాడు. చీలిన చెక్క మీద రెండు అడ్డపట్టీలు వేసి, కొత్త బందు, పొడుగాటి బోల్టు బిగించాడు. సామానుకు, కూలికి కలిపి 700 రూపాయలయింది. వెనకనుంచి ఇనుప బీరువా జరిపాం. సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు వారం రోజులు వంతులవారీగా ఆ ఇంట్లో పడుకున్నారు.

నేను తిరిగి వస్తూ ఆలోచించాను. ఆమెకు ఆ రాత్రి కావలసినవి ఒక బోల్టు, ఒక చెక్క, దాన్ని బిగించే మనిషి. మా దగ్గర కరపత్రాలున్నాయి, ఫోన్ నంబర్లున్నాయి, దరఖాస్తు ఫారాలున్నాయి. బోల్టు మాత్రం లేదు.

గడియ పెట్టుకోవడమే నేరమా?

తలుపు విరగ్గొట్టడాన్ని మన సమాజం హింసగా చూడదు. కొట్టలేదు కదా, తలుపేగా పోయింది అంటారు. నిజానికి ఆ దెబ్బ చెప్పే విషయం చాలా స్పష్టం: నీకూ నాకూ మధ్య ఏ అడ్డూ నేను ఒప్పుకోను. ఒంటి మీద దెబ్బ నాలుగు రోజుల్లో మానవచ్చు. మూసుకోని తలుపు ప్రతి రాత్రీ ఆ మాటే మళ్ళీ చెబుతుంది. వీధిలో అందరికీ కూడా చెబుతుంది. ఈ ఇంట్లోకి ఎవరైనా రావచ్చునని మిగతా మగవాళ్ళకు తెలుస్తుంది. ఎదిగే ఆడపిల్ల ఉన్న తల్లికి దీని అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇంకా విచిత్రం, తప్పంతా గడియ పెట్టుకున్న ఆమె మీదికే రావడం. "తలుపెందుకు వేసుకున్నావు? తీసి ఉంటే విరిగేది కాదు గదా!" ఈ మాట ఆమెతో స్టేషన్‌లో అన్నారు, ఇంటి యజమాని అన్నాడు, సొంత అన్న కూడా అన్నాడు. భర్త ఎప్పుడొచ్చినా తెరుచుకోవడమే తలుపు ధర్మమని, భార్య ధర్మమూ అదేనని పితృస్వామ్యం నేర్పిన పాఠం ఇది. లోపలినుంచి గడియ పెట్టే హక్కు ఆడదానికి ఉందని మనం ఇంకా ఒప్పించలేకపోయాం.

అద్దె ఇళ్ళలో ఉండేవాళ్ళకు మరో బాధ. ఆ యజమాని మర్నాడే వచ్చి, "తలుపు కొత్తది పెట్టించండి, లేకపోతే అడ్వాన్సులో పట్టుకుంటాను. ఇలాంటి గొడవలైతే ఖాళీ చేయండి" అన్నాడు. కొత్త రెక్కకు, బందులకు, కూలికి కలిపి 6,000 రూపాయలు తేలాయి. పగలగొట్టినవాడు ఒక్క రూపాయి ఇవ్వలేదు. ఆమె నాలుగు రోజులు పనికి పోలేదు, తాళం పడని ఇంటిని వదిలి వెళ్ళలేక. రెండిళ్ళవాళ్ళు వేరే మనిషిని పెట్టుకున్నారు. ఒక తలుపు వెంట ఎన్ని పోతాయో లెక్క రాసుకుంటే గాని మనకే అర్థం కాదు.

చట్టం ఏమంటోంది?

గృహహింస నుంచి మహిళలకు రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. స్త్రీ ఉద్యమాలు ఎన్నో ఏళ్ళు పోరాడి సాధించుకున్న ఈ చట్టంలో గొప్ప విషయం నివాస హక్కు. ఇంటి మీద పేరున్నా లేకున్నా, కలిసి బతికిన ఇంట్లో ఉండే హక్కు సెక్షన్ 17 కింద ఆమెకుంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లయితే ఆ హక్కు వర్తించదన్నట్టుగా 2006లో వచ్చిన తీర్పు చాలామంది స్త్రీలను వీధిన పడేసింది. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టే దాన్ని సరిదిద్దింది.

సెక్షన్ 19 కింద అతన్ని ఇల్లు వదిలి వెళ్ళమని, ఇంట్లోకి అడుగు పెట్టవద్దని మేజిస్ట్రేటు ఆదేశించవచ్చు. ఆమె భద్రతకు అవసరమైన ఇతర ఆదేశాలేవైనా ఇచ్చే అధికారం కూడా అదే సెక్షన్ రెండో ఉపసెక్షన్‌లో ఉంది. తలుపు బాగు చేయించమని, తాళం మార్చుకోనివ్వమని అడగడానికి ఇంతకంటే ఏం కావాలి? ధ్వంసమైన ఆస్తికి నష్టపరిహారం సెక్షన్ 20లో ఉంది. అవతలి పక్షం రాకముందే మధ్యంతర ఉత్తర్వు ఇవ్వడానికి సెక్షన్ 23 ఉంది. కానీ నేను చూసిన దరఖాస్తుల్లో జీవనభృతి ఉంటుంది, స్త్రీధనం ఉంటుంది, తలుపు ఉండదు. మనం అడగలేదు కాబట్టి కోర్టు ఇవ్వలేదు.

లోపం చట్టంలోనూ ఉంది. రక్షణ అధికారి విధులను చెప్పే సెక్షన్ 9 చూడండి. నివేదిక తయారు చేయాలి, న్యాయ సహాయం అందేలా చూడాలి, ఆమె కోరితే ఆశ్రయం చూపాలి, దెబ్బలుంటే వైద్య పరీక్ష చేయించాలి. ఆమె ఉన్న ఇంటినే ఆ రాత్రికి భద్రంగా చేయమన్న మాట లేదు. దరఖాస్తు అందాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ జరగాలని చట్టం చెబుతుంది. అది అక్షరాలా జరిగిందనే అనుకుందాం. ఆ మూడు రాత్రుల మాటేమిటి?

తుఫాను వస్తే ఒకలా, మొగుడొస్తే మరోలా

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీద పడినప్పుడు ఎన్ని ఇళ్ళ కిటికీలు, తలుపులు, రేకులు ఎగిరిపోయాయో మనకు తెలుసు. అలాంటప్పుడు దెబ్బతిన్న ఇళ్ళను ప్రభుత్వ సిబ్బంది వచ్చి రాసుకుంటారు. పూర్తిగా కూలినదానికి ఒక లెక్క, కొంత దెబ్బతిన్నదానికి ఒక లెక్క ఉంటుంది. ఆ లెక్కల్లో అన్యాయాలు లేవని కాదు. కానీ గాలికి విరిగిన తలుపును చూసి "ఇది మీ ఇంటి వ్యవహారం" అని ఎవరూ అనరు. మగవాడి కాలితో విరిగిన తలుపు దగ్గరికి వచ్చేసరికి మాత్రం నష్టాన్ని రాసుకునే మనిషే లేడు.

ఇళ్ళ పట్టాలు ఆడవాళ్ళ పేరునే ఇస్తున్నామని ప్రభుత్వాలు గర్వంగా చెప్పుకుంటాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పంచిన ఇళ్ళ స్థలాలైనా, తెలంగాణలో 2024లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళయినా ఇంటి ఆడవాళ్ళ పేరు మీదనే. ఇది మంచి మార్పు, మనం అడిగి తెచ్చుకున్నదే. అయితే పట్టా ఆమె పేరున ఉన్నంత మాత్రాన గడియ ఆమె చేతిలో ఉన్నట్టు కాదు.

మన వైపు లోపం

విమర్శ మనతో కూడా మొదలవ్వాలి. చలం 'మైదానం'లో రాజేశ్వరి నుంచి మన కథల్లో స్త్రీ విముక్తి అంటే ఇల్లు విడిచి బయటికి నడవడమే. ఉద్యమంలోనూ బయటికి వచ్చిన స్త్రీని ధైర్యవంతురాలిగా చూశాం, ఉండిపోయినామెను ఇంకా చైతన్యం రానిదానిగా చూశాం. మన శక్తి అంతా ఆశ్రయ కేంద్రాల మీద పెట్టాం. అవి అవసరం, ఇంకా కావాలి. కానీ హింస చేసినవాడు ఇంట్లో, పడినామె ఆశ్రమంలో ఉండే ఏర్పాటును మనం మామూలు విషయంగా తీసుకోవడం మొదలుపెట్టాం. "నేనెందుకు పోవాలె?" అన్న ఆ బస్తీ మనిషి సెక్షన్ 17 సారాన్ని నాకంటే బాగా చెప్పింది.

ఇంగ్లాండ్‌లో 2000 తర్వాతి తొలి ఏళ్ళ నుంచి కొన్ని స్థానిక ప్రభుత్వాలు ఇలాంటి స్త్రీల ఇళ్ళకు తమ ఖర్చుతో తాళాలు మార్చి, తలుపులు, కిటికీలు గట్టిపరిచే పథకాలు నడుపుతున్నాయి. ఆమె కోరుకుంటేనే చేయాలన్నది అందులో ముఖ్యమైన నియమం. అక్కడి డబ్బు, అక్కడి వ్యవస్థ వేరు. కానీ తాళం కూడా ఒక ఉపశమనమే అన్న ఆలోచన మనం తీసుకోదగ్గది.

ఈ మాట అన్నప్పుడల్లా ఒక మిత్రురాలు నన్ను హెచ్చరిస్తుంది: "తలుపు బిగించి ఆమెను అక్కడే వదిలేస్తే, రేపు ఇంకా కోపంతో వస్తే?" ఈ భయం నిజమైనదే. అతను అదే ఇంట్లో ఉంటుంటే బోల్టు ఏమీ చేయలేదు. ముందు అతన్ని బయటికి పంపే ఉత్తర్వు కావాలి. ప్రాణభయం ఉంటే ఆమెను అక్కడినుంచి తీసుకెళ్ళడమే సరైన పని. తలుపు బాగు చేయడం ఆశ్రయానికి బదులు కాకూడదు, ఆశ్రయం ఖర్చు తప్పించుకునే సాకు అసలే కాకూడదు. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. కిటికీలన్నీ చెక్కలతో మూసేసి, ఉన్న ఒక్క దారికీ బీరువా అడ్డం పెడితే, నిప్పంటుకున్నప్పుడు లోపలివాళ్ళు బయటపడలేరు. ఆ రాత్రి మేం ఈ సంగతి ఆలోచించలేదు. మర్నాడు ఆ బిడ్డే అడిగింది, "గ్యాసు అంటుకుంటే ఎట్ల పోవాలె ఆంటీ?" అని. వెంటనే బీరువా పక్కకు జరిపించాం.

ఏం చేయవచ్చు?

ముందుగా, విరిగినదాన్ని సాక్ష్యంగా నమోదు చేయడం. "ముట్టుకోవద్దు" అన్న మాటకు భయపడి ఆడవాళ్ళు రోజుల తరబడి తెరిచిన ఇంట్లో కూర్చోనక్కరలేదు. బందులు, చీలిన చెక్క, అద్దం పెంకులు అన్నీ కనబడేలా ఫోటోలు తీయాలి. ఇద్దరు సాక్షులతో తేదీ, సమయం వేసి కాగితం రాయించాలి. ఊడిన గడియను సంచిలో కట్టి దాచాలి. ఆ విషయం రాతపూర్వకంగా స్టేషన్‌కు తెలిపి తలుపు వేసుకోవాలి. మరమ్మతు రసీదు పారేయవద్దు, నష్టపరిహారం అడగడానికి అదే ఆధారం.

రెండోది, రక్షణ అధికారి రాసే గృహహింస నివేదికలో తలుపు, కిటికీ, తాళం గురించి తప్పనిసరిగా రాయించాలి. అత్యవసర పరిస్థితుల్లో అధికారి పోలీసులను వెంటబెట్టుకుని సంఘటన స్థలానికే వెళ్ళాలని 2006 నియమావళి చెబుతోంది. వెళ్ళినప్పుడు ఆ ఇంటికి గడియ పడుతుందో లేదో చూడటం కష్టమేమీ కాదు.

మూడోది, ప్రతి సఖి కేంద్రానికీ, రక్షణ అధికారి కార్యాలయానికీ అదే రాత్రి ఖర్చు పెట్టగల చిన్న నిధి ఉండాలి. పిలిస్తే వచ్చే వడ్రంగుల జాబితా ఉండాలి. తర్వాత ఆ ఖర్చు పగలగొట్టినవాడి నుంచి రాబట్టాలి. ఇది మనం ప్రభుత్వాల ముందు పెట్టవలసిన డిమాండు.

నాలుగోది మన చేతిలోనే ఉంది. ప్రతి బస్తీ సంఘం దగ్గరా ఒక పెట్టె: రెండు బోల్టులు, నాలుగు బందులు, స్క్రూలు, మేకులు, సుత్తి, కిటికీకి సరిపడా ప్లైవుడ్ ముక్క, ఒక మంచి తాళం. వాటిని బిగించడం సంఘంలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు నేర్చుకోవాలి. భర్త చేత ఫోన్ చేయించమని అడగని వడ్రంగులు మనకు కావాలి.

ఆ బస్తీ సంఘం ఇప్పుడు అలాంటి పెట్టె ఒకటి పెట్టుకుంది. ఖర్చు సభ్యులే తలా కొంత వేసుకున్నారు. దాన్ని ఉంచడానికి ఆమె తన ఇల్లే ఇచ్చింది. ఇప్పటికి మూడుసార్లు తీయవలసి వచ్చిందట. మూడోసారి వేరే వీధిలో కిటికీకి చెక్క కొట్టింది ఆమే.