స్పానిషుభాషలోని రెండు భూతకాలములు

స్పానిషుభాషను నేర్వఁబూనిన విద్యార్థులు భూతకాలక్రియలకడకు రాఁగానే అధైర్యపడుట నేను పలుమాఱు చూచితిని. ఇందు భాషయొక్క దోషము స్వల్పము. దానిని ఇంగ్లీషు మూలముననే గ్రహింప యత్నించు మన దోషమే యధికము.

ఇంగ్లీషున 'స్పోక్' అను నొక్కమాట చాలినచోట స్పానిషున 'అబ్లో' యనియు 'అబ్లాబా' యనియు రెండు రూపములు కలవు. మొదటిది మన 'మాటలాడెను'. రెండవది 'మాటలాడుచుండెను', 'మాటలాడెడివాఁడు' అను రెంటికిని చెల్లును. తెలుఁగుబాలుఁ డీ భేదమును తల్లియొడిలోనే నేర్చియుండఁగా, దానిని మఱచి యింగ్లీషు మాటకు అర్థము వెదకుట యేల?

రూపముల నేర్పఱచుట సులభమే. 'అబ్లార్' వంటి 'ఆర్' అంతమందుఁ గల ధాతువులకు 'అబ్లే, అబ్లాస్తే, అబ్లో' యనియు, 'కోమేర్' (తినుట), 'బిబీర్' (నివసించుట) మొదలగువానికి 'కోమీ, కోమీస్తే, కోమియో' యనియు నగును. 'ఆడితిని, ఆడితివి' యనునట్లే తుదియక్షరములే కర్తను దెలుపును. 'అబ్లో' యనుచోఁ దుదియక్షరమును ఊఁదవలయును. మొదటిదానిని ఊఁదినచో 'నేను మాటలాడుచున్నాను' అని యర్థము మాఱిపోవును! రెండవ రూపము మఱింత తేలిక: 'అబ్లాబా, కోమీయా, బిబీయా'. భాషయంతటను ఇందు నియమము దప్పునవి మూఁడే ధాతువులు: సేర్, ఈర్, బేర్. కావున దీనినే ముందు నేర్పవలయునని నా మతము.

చిరకాలము జరిగినదానికి రెండవ రూపము, క్షణములో ముగిసినదానికి మొదటిది యని కొందఱు సూత్రము చెప్పుదురు. ఇది పొరపాటు. ఒకఁడు సెవిల్యా నగరమునఁ బదియేండ్లు నివసించెనన్నచో 'బిబియో' యనియే యనవలయును. ఏలన, ఆ పదియేండ్లును ముగిసిన యొక్క మొత్తముగాఁ జెప్పఁబడుచున్నవి. అతఁడు తలుపు తెఱచినపుడు వాన కురియుచుండెనన్నచో, ఆ వాన అరగడియదే యైనను 'యోబీయా' యనవలయును. తెఱచుట మాత్రము 'అబ్రియో'. కాలపరిమాణము గాదు, చెప్పువాని దృష్టియే ప్రధానము. 'కోనోసేర్' అను ధాతువును జూడుఁడు: 'కోనోసీయా' యన్న నతఁ డామెను ఎఱిఁగియుండెను, 'కోనోసియో' యన్న నప్పుడే తొలిసారి పరిచయమయ్యెను.

వ్యాకరణవేత్తలు సాధారణముగా నీ రెండవదానిని 'అసంపూర్ణభూతము' అందురు. కారకాసునఁ బుట్టిన ఆంద్రేస్ బెల్యో 1847 సంవత్సరమున చిలీదేశమునఁ బ్రకటించిన వ్యాకరణమున దీనికి 'కోప్రెతేరితో', అనఁగా సహభూతము, అని పేరిడెను. గతమందలి వేఱొకదానితోఁ గూడ నడచునది గావున నీ పేరే నాకు సమంజసముగాఁ దోఁచుచున్నది.

ఇఁక నీయుదయమున జరిగినదానిని స్పెయినున ననేకులు 'ఏ అబ్లాదో' యందురు. అమెరికాఖండమునఁ బెక్కుదేశములవారు 'అబ్లే' యనియే యందురు. ఈ తగవున నేను ఏ పక్షమును వహింపను.