దాచుట – వెదకుట

1956వ సంవత్సరమున అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ తొలి హార్డ్‌డిస్కును వెలువరించెను. పెద్ద బీరువాను పోలిన ఆ యంత్రము టన్నుకు పైగా తూగెడిది. అందు 50 పళ్లెములు గిరగిర తిరుగుచుండినను, 50 లక్షల అక్షరములే ఇమిడెడివి. నేడు వ్రేలెడు పెన్‌డ్రైవులో అంతకు వేలరెట్లు పట్టుచున్నవి. స్థలము పెరిగినది, దాచినదానిని మరల కనుగొను శ్రమ మాత్రము తగ్గలేదు.

వెదకుటకు యంత్రమే యుండగా ఫైళ్లను వరుసగా నమర్చుట ఎందుకని పలువురు వాదింతురు. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కంప్యూటరు ఫైళ్లలోని మాటలకు ముందుగానే సూచికను సిద్ధపరచుకొనును. పుస్తకము చివరనుండు పదసూచిక వంటిదే యిది. అందుచే వేలకొలది ఫైళ్లలోనైనను అడిగినదానిని క్షణములో చూపగలదు. కాని ఆ సూచిక సాధారణముగా కొన్ని అరలకే పరిమితము. సూచిక లేని డ్రైవులో ఒక మాటకై వెదకవలెనన్నచో, ప్రతి ఫైలును విప్పి చూడవలసివచ్చును. అదియునుగాక, ఈ సాధనము చాలవరకు అక్షరములను పోల్చునే గాని, వెదకువాని తలపు నెరుగదు. 'కొత్తది', 'చివరిది', 'అసలు చివరిది' అని పేర్లు పెట్టువానికి ఏ యంత్రము తోడ్పడగలదు? (ఇట్టి పేర్లు లేని కంప్యూటరు అరుదు!) 'తాతగారి పొలము పాసుపుస్తకము, 2024 జూన్' అని యున్నచో పిల్లవాడైనను వెదకి తీయును.

తెలుగువారికి మరియొక చిక్కు కలదు; అన్నిటికంటె పెద్దది ఇదియే. యూనికోడు పద్ధతిలో తెలుగు అక్షరములకు 1991లోనే సంఖ్యలు ఏర్పడినవి. అయినను అచ్చుపనికై పాత ఫాంట్లనే చిరకాలము వాడిరి. అవి తెరపై తెలుగు రూపమును చూపును. డిస్కులో నుండునవి మాత్రము ఇంగ్లీషు మొదలగు అన్య లిపుల సంకేతములే. 'గోదావరి' అని వెదకినచో, ఆ నదిని గూర్చి నూరు పుటలున్న ఫైలు సహితము పలుకదు. ఫోటోతీసి దాచిన కాగితము గతియు, అందలి అక్షరములను గుర్తింపజేయనంతవరకు, ఇంతే. ఎందరో శ్రమించి కూర్చిన గ్రంథములు ఇట్లు కన్నులకు కనబడుచునే వెదకువారికి లేనివగుచున్నవి. వానిని యూనికోడులోనికి మార్చు సాధనములు లేకపోలేదు. మార్చునపుడు తప్పులు దొరలును గనుక చదివి దిద్దువారు కావలెను. ఇది తమ పని కాదని ప్రచురణకర్తలును, గ్రంథాలయములును వాయిదావేయుట తగదు. పాత ఫాంట్ల మర్మ మెరిగిన డి.టి.పి. పనివారు ఇంకను ఉన్నారు, పాత సి.డి.లు చెడకముందే వారిని పిలువవలసియున్నది.